ఆయిల్ ప్రెషర్ ఒకటి పాయింట్ తొమ్మిది

విజయనగరం బట్టల వ్యాపారుల ఇంటి ఆడపిల్ల అర్చన సాలూరు ఘాట్‌లో జరగబోయే కార్ల పోటీకి పేరిచ్చిందనీ, ఆ పోటీ కోసమే తమ్ముడు ప్రదీప్ ఇరవయ్యేళ్ల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి వెతికి తెచ్చాడనీ, దాని ఇంజనుని గజపతినగరం తిరుమలరావు మేస్త్రి పూర్తిగా విప్పి మళ్లీ బిగించాడనీ మనకు తెలుసు. అది మూడు నెలల కిందటి మాట. పోయిన వారం ఆ కారు మళ్లీ గజపతినగరం వచ్చింది. ఈసారి మేస్త్రి కోసం కాదు, ఆయన మేనకోడలు సుహాసిని కోసం. కారులో మూడు డిజిటల్ మీటర్లు పెట్టించుకోవాలని అర్చన పట్టుబట్టింది. తన చేతి ఇంజనుకి మీటర్లెందుకని మేస్త్రి రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. చివరికి అర్చన మాటే నెగ్గింది.

మీటర్లు బిగించేసరికి 2016 ఫిబ్రవరి రెండో వారం వచ్చింది. పోటీకి తొమ్మిది రోజులుంది.

అర్చన పట్టుదలకి కారణం ఆమె ఎడమ మణికట్టులో ఉంది. కిందటేడు వేరే కారు నడుపుతుండగా, ఒక మలుపు మధ్యలో ఇంజను పట్టేసింది. చక్రాలు బిగుసుకుపోయి కారు గట్టుకి కొట్టుకుంది. మణికట్టు విరిగి రెండు స్టీలు పిన్నులు వేశారు. ఇంజను పట్టేసిన క్షణంలో కూడా డ్యాష్‌బోర్డు మీద సూది మధ్యలోనే నిలబడి ఉందని ఆమె ఎప్పుడూ చెబుతుంది.

"ఆ సూది అబద్ధం చెప్పింది. నంబరు కనపడితే నేను ముందే కాలు తీసేదాన్ని," అంది సుహాసినితో మొదటి రోజే.

సుహాసినికి ఆ మాట అర్థమైంది. పాలిటెక్నిక్ డిప్లమా చదివి, మావయ్య షెడ్డుకి ఆనుకునే ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు పెట్టుకుని పదకొండేళ్లయింది ఆమెకి. ట్రాక్టర్ డైనమోలు, లారీల సెల్ఫ్ మోటార్లు, కొత్త కార్ల సెన్సర్లు అన్నీ చూసింది. చాలా బళ్లలో కంపెనీ ఇచ్చే ఆయిల్ సూది పేరుకే మీటరు. లోపల ఏ కొంచెం ఒత్తిడి ఉన్నా అది మధ్యలో నిలబడుతుంది. ఎర్ర దీపం వెలిగేసరికి పని అయిపోయే ఉంటుంది.

మూడు మీటర్లనీ డ్రైవరు కుడి పక్కన, ముందు అద్దాన్ని పట్టుకుని ఉండే స్తంభం మీద వరసగా బిగించింది సుహాసిని. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే కంటి కొసకి అంకెలు అందాలని అర్చన కోరిక. పైన టర్బో గాలి ఒత్తిడి, మధ్యలో ఆయిల్ ఒత్తిడి, కింద ఆయిల్ వేడి. ఒక తీగ నేరుగా బ్యాటరీకి, మీటరు తన జ్ఞాపకం పోగొట్టుకోకుండా. ఇంకోటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటుకి. సెన్సర్ తీగల్ని ఇగ్నిషన్ కాయిళ్లకి దూరంగా, ఇంజను అవతలి వైపు నుంచి తిప్పి తెచ్చింది. పక్కపక్కనే పోనిస్తే అంకెలు పిచ్చిగా గెంతుతాయి. ఎక్కడా మెలిపెట్టి టేపు చుట్టలేదు. ప్రతి అతుకూ సీసంతో టాకా వేసి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చేసింది. ఆయిల్ దీపం స్విచ్చి ఉన్న చోట ఇత్తడి టీ-జాయింటు వేసి ఒక పక్క స్విచ్చి, రెండో పక్క కొత్త సెన్సర్ బిగించింది. ఒత్తిడి రెండు బార్ల కంటే కిందకి పడితే అంకె ఎర్రబడి, బజరు మోగేలా పెట్టింది.

బుధవారం పొద్దున్న ఇంజను స్టార్ట్ చేశారు. వేడెక్కాక ఖాళీగా తిరుగుతుంటే ఆయిల్ మీటరు ఒకటి పాయింట్ ఏడు చూపించింది. ఖాళీగా తిరిగే ఇంజనుకి అంత సరిపోతుంది. అది రెండు కంటే తక్కువే అయినా బజరు మోగకుండా, ఇంజను వేగం నిమిషానికి రెండు వేల చుట్లు దాటాకే లెక్కలోకి తీసుకునేలా సుహాసిని ముందే సెట్ చేసింది. మూడు వేల మీద ఒత్తిడి నాలుగు దాటింది.

"సూసినావా? బాగున్నాది," అన్నాడు తిరుమలరావు. "ఈ మాట సెప్పడానికి ఇన్ని తీగలు లాగాలేటే?"

"రోడ్డు మీద సూద్దాం మావయ్యా," అంది సుహాసిని.

రామభద్రపురం వైపు ఎనిమిది కిలోమీటర్లు తిన్నగా, ఖాళీగా ఉంటుంది రోడ్డు ఆ వేళప్పుడు. అర్చన స్టీరింగు దగ్గర కూర్చుంది. తన ఇంజను తాను వినాలని మేస్త్రి ముందు సీట్లో ఎక్కాడు. సుహాసిని వెనకాల పేరుకి మాత్రమే ఉన్న సీట్లో మోకాళ్లు ముడుచుకుని, ఇద్దరి మధ్యలోంచి మీటర్లు చూస్తూ కూర్చుంది. ప్రదీప్ షెడ్డు దగ్గరే ఆగాడు.

చెరుకు లారీ ఒకటి దాటాక అర్చన కాలు అదిమింది. కారు ముందుకి దూకింది. నాలుగు వేలు, నాలుగున్నర, అయిదు వేలు. ఆయిల్ మీటరు అయిదు పాయింట్ ఒకటి దాకా ఎక్కింది. అక్కడ నిలబడలేదు. నాలుగు పాయింట్ నాలుగు. మూడు. రెండు పాయింట్ మూడు. ఒకటి పాయింట్ తొమ్మిది.

అంకె ఎర్రబడింది. బజరు సన్నగా, పదునుగా కీచుమంది.

అర్చన వెంటనే కాలు తీసేసింది. ఒత్తిడి మెల్లగా కోలుకుంది. అంకె నాలుగు దాటేదాకా చూసింది. కొంత దూరం పోయాక మళ్లీ అదిమింది. మళ్లీ అదే జరిగింది. మూడోసారీ అంతే. మూడుసార్లూ బజరు మోగింది. మూడుసార్లూ తిరుమలరావు ఎడమ పక్క మామిడి తోటల వైపు చూస్తూ, కుడి అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి, తృప్తిగా కూర్చునే ఉన్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర. అర్చన ఇంజను ఆపి దిగింది.

"మేస్త్రి గారూ, అయిదు వేల మీద ఆయిల్ పడిపోతోంది. ఈ ఇంజనుతో నేను ఘాట్ ఎక్కలేను," అంది నెమ్మదిగా.

"ఏటి పడిపోనాది? ఎవుడు సెప్పినాడు?"

సుహాసిని మీటరు పక్కన ఉన్న బొత్తం నొక్కింది. చివరి పావుగంట అంకెలు దాచుకుని తిరిగి చూపించే సదుపాయం దానిలో ఉంది. అయిదు పాయింట్ ఒకటి నుంచి ఒకటి పాయింట్ తొమ్మిది దాకా అంకెలు మళ్లీ జారాయి. తిరుమలరావు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"నీ తీగలో ఏదో ఉన్నాది. ఎర్తు సూసుకో."

సుహాసిని మల్టీమీటరు తెచ్చి ఎర్త్ చూసింది, సెన్సర్‌కి అందే వోల్టేజీ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంకెలు చెప్పింది. తిరుమలరావు ముఖం ఎర్రబడింది.

"నలభయ్యేళ్ల నుండి సేస్తన్నాను ఈ పని. శ్రీకాకుళం నుండి, పాతపట్నం నుండి లారీలు కట్టుకుని వస్తారు నా దగ్గరకి. మీటరుందా అని అడగరు, ఒకసారి ఇను మేస్త్రీ అంటారు. నాను ఇన్నాను. ఇంజను బాగున్నాది. ఒట్టి డబ్బా అది. ఒత్తిడి పడిపోతే పీపీ మోగుతాదని నువ్వే సెప్పినావు కదేటే? మరి మోగలేదేటి?"

 అర్చన సుహాసిని వైపు చూసింది. సుహాసిని నేల వైపు చూసింది. బజరు మేస్త్రికి జానెడు దూరంలో కాకపోయినా, రెండు మూరల దూరంలో మోగింది.

"అర్చన గారూ," అంది సుహాసిని, "మీరు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ప్రదీప్‌ని తీసుకుని టిఫిన్ చేసి రండి. ఇంజను కూడా చల్లారాలి."

అర్చన తమ్ముణ్ణి తీసుకుని రోడ్డు దాటింది.

తిరుమలరావు కారుకి వీపు తిప్పి, చిరాగ్గా చేతులు తుడుచుకుంటున్నాడు. సుహాసిని డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. బజరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మీటరులో ఒక పద్ధతి ఉంది. రెండు బొత్తాలూ కలిపి నొక్కి పట్టుకుంది. కీచుమని మోగింది. రోడ్డవతల పంక్చర్లు వేసే మనిషి తలెత్తి చూశాడు. తిరుమలరావు గుడ్డని వేళ్ల సందుల్లో పెట్టి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆమె వేళ్లు తియ్యలేదు. పది సెకన్లు, పదిహేను. 

"మావయ్యా."

ఆ మాట విన్నాడు. తిరిగాడు. "ఏటే?"

"మోగతన్నాది."

ఆయన చెవి ఒగ్గలేదు. మీటరు వైపు చూశాడు. వెలిగి ఆరుతున్న అంకె వైపు చూశాడు. తరవాత ఆమె ముఖం వైపు చూశాడు. చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుండి?" అంది సుహాసిని.

"రెండేళ్లు దాటీసినాది." గొంతు మామూలుగానే ఉంది. "మీ అత్త కుక్కరెట్టి, నాలుగు కూతలకి దించీ అని సెప్పి కల్లానికి ఎల్లింది. నాను పొయ్యి పక్కనే కూకున్నాను. కూత కోసం సూస్తన్నాను. అది వచ్చి గిన్ని దించీసరికి అన్నం మాడి బొగ్గయిపోనాది. ఆ దినం తెలిసినాది."

"డాక్టరుకి సూపించినావా?"

"విజయనగరంలో సూపించినాను. లావు సౌండ్లు ఇనపడతాయి, సన్నవి పోనాయి అన్నాడు. ఇంజన్ల పక్కన ఇన్నేళ్లుండి పోనాయంట. మిషనెట్టుకోమన్నాడు."

"మరి పెట్టుకోలేదేటి?"

"సెవిలో మిషనెట్టుకున్న మేస్త్రి దగ్గరకి ఇంజనెవుడు తెస్తాడే?"

సుహాసిని ఈ రెండేళ్లలో ఆయన ఎన్ని ఇంజన్లకి స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడో గుర్తుచేసుకుంది. పక్కనే నిలబడి తాను కూడా నమ్మింది.

"సేత్తో తెలిసిపోతాది నాకు," అన్నాడాయన. "సెయ్యి ఆనిస్తే సాలు. సాలామట్టుకు తెలిసిపోతాది."

"చాలామట్టుకు," అంది సుహాసిని.

"నువ్వు సెప్పకే ఆ అమ్మాయికి."

"నేను సెప్పను మావయ్యా. నువ్వు సెప్పాల. ఆ సీట్లో కూకునేది ఆవిడ. మలుపులో పట్టీస్తే ఏటవుతాదో ఆవిడకి ఒకసారి తెలిసినాది."

తిరుమలరావు ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు. తరవాత లేచి తన షెడ్డులోకి వెళ్లి, రేకు పెట్టె అడుగు నుంచి రాగి గొట్టం ఉన్న పాత ఆయిల్ గేజి తెచ్చాడు. తీగ లేదు, కరెంటు అక్కర్లేదు. ఆయిలే గొట్టంలోంచి వచ్చి సూదిని నెడుతుంది.

"నా దాంతో కూడా సూద్దాం. ఇది కూడా అదే సెప్తే నాను సెప్తాను."

టీ-జాయింటు దగ్గర స్విచ్చి తీసేసి గొట్టం బిగించాడు.  అర్చన, ప్రదీప్ తిరిగొచ్చారు. ఇంజను మళ్లీ వేడెక్కాక, అర్చన నిలబెట్టిన కారులోనే అయిదు వేల దాకా లేపి పట్టుకుంది. తిరుమలరావు సూది చూస్తున్నాడు. సుహాసిని లోపలికి వంగి అంకె చదువుతోంది.

"నాలుగు పాయింట్ రెండు," అంది గట్టిగా.

సూది నాలుగు దాటి కొంచెం మీద ఉంది.

"మూడు."

సూది మూడు మీదకి వచ్చింది.

"రెండు."

తిరుమలరావు చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంజను ఆగింది. ఆయన ఇంజను చుట్టూ తిరిగి అర్చన దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీటరు మంచిదే. బజరు కూడా మోగే ఉంటాది. నాకే ఇనపడలేదు. సన్న సౌండ్లు నాకు రెండేళ్ల నుండి ఇనపడవు. ఎవుళికీ సెప్పలేదు."

అర్చన కారు దిగింది. ఆమె ముఖంలో జాలి కనపడలేదు.

"అంటే మూడు నెలల కింద ఈ ఇంజను బిగించి, విన్నాను, బాగుంది అని చెప్పినప్పుడు కూడా మీకు సరిగ్గా వినపడలేదు."

"లేదమ్మా."

"ఆ మాట నమ్మే నేను ఎక్కాను. నూట నలభై మీద నడిపాను."

"అవునమ్మా."

"అక్కా, పెద్దాయన," అని ప్రదీప్ ఏదో అనబోయాడు. అర్చన చెయ్యి అడ్డంపెట్టింది.

"ఒక్క మాట చెబితే సరిపోయేది కదా మేస్త్రి గారూ? మీ మేనకోడలు పక్కనే ఉంది. ఆమె చెవి పెట్టేది."

తిరుమలరావు తల వంచుకోలేదు. "తప్పే. ఇది నా సేతి తప్పని తేలితే రేపటికాడ నుండి షెడ్డు తీయను."

అర్చన మణికట్టు రుద్దుకుంది. కోపం పోలేదు, గొంతు మాత్రం తగ్గింది.

"షెడ్డు సంగతి తరవాత. తొమ్మిది రోజులే ఉంది. కింద ఆయిల్ తొట్టి విప్పండి. మీరే విప్పండి. నేను చూస్తాను."

ఆయిల్ దించి, అడ్డం ఉన్న ఇనపకమ్మీ తప్పించి, బోల్టులన్నీ తీసేసరికి మధ్యాహ్నం రెండయింది. తొట్టి ఊడి రాగానే తిరుమలరావు దాన్ని వెలుతురులోకి తెచ్చాడు. లోపల ఆయిల్ పీల్చే గొట్టం మూతికి ఉన్న జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంది. మూసింది మట్టి కాదు, ఇనప రజను కాదు. ఎర్రటి రబ్బరు ముక్కలు. తొట్టి అంచున ఆయిల్ కారకుండా పూసే గమ్ము ఎక్కువై, లోపలికి పొంగి, ఎండి, తెగి పడిన ముక్కలు. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ సందుల్లోంచి ఆయిల్ సరిపోతోంది. వేగం పెరిగితే చాలడం లేదు.

తిరుమలరావు ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది నా సెయ్యి కాదు," అన్నాడు.

అర్చన ఆయన వైపు అనుమానంగా చూసింది. ఆ చూపు అర్థమై సుహాసిని షెడ్డులోకి వెళ్లి, అరలోంచి గమ్ము ట్యూబులు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నీ బూడిద రంగువే.

"మావయ్య ఎర్రది ముట్టుకోడు. లోపలికి పొంగుతాదని మొన్నో మనిషి మీద కేకలేసినాడు కూడా," అంది.

తిరుమలరావు తొట్టిని బోర్లించాడు. అడుగున అరచేతి వెడల్పు మేర రేకు సొట్టపోయి, సుత్తితో కొట్టి సరిచేసిన గుర్తులున్నాయి. ఒక మూల వెల్డింగు అతుకు. దాని మీద నల్ల రంగు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే విషయం తేలిపోయింది. ఆయన ఇంజను బిగించి ఇచ్చాక కారు అడుగు దేనికో గట్టిగా తగిలింది. తొట్టి పగిలింది. ఎవరో ఎక్కడో విప్పి, అతికి, ఎర్ర గమ్ము పట్టించి బిగించేశారు.

సుహాసిని తొట్టి మీంచి తలెత్తింది. "మావయ్యా, నీ తప్పు కాదు," అంది.

"సెయ్యి నాది కాదు," అన్నాడు తిరుమలరావు. "ఇనకుండా ఇన్నానని సెప్పింది మాత్రం నానే." అర్చన వైపు తిరిగాడు. "జల్లెడ కడిగి, పంపు విప్పి సూసి, బేరింగులు అరిగినాయో లేదో సూడాల. మూడు రోజుల పని. సేస్తాను. పక్కన మా సుహాసిని ఉంటాది. నాను సూస్తాను, ఇది ఇంటాది. నీకు ఇష్టమయితేనే."

అర్చన వంగి, సొట్టపోయిన రేకుని వేలితో తడిమింది.

"చెయ్యండి," అంది చివరికి. "రేపట్నుంచి నేనూ ఇక్కడే ఉంటాను. ఏది చూసినా నాకు చెప్పాలి, మంచైనా చెడైనా."

"అలగే అమ్మా."

అప్పుడామె తమ్ముడి వైపు తిరిగింది. తొట్టి బోర్లించినప్పుడే ప్రదీప్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. షెడ్డు గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా చంకల కింద తడిసిపోయింది.

"ఈ మూడు నెలల్లో నేను లేకుండా కారు మన ఇల్లు కదిలింది ఒక్కసారి. కారు కాగితాల సంతకాలున్నాయని నువ్వు శ్రీకాకుళం తీసుకెళ్లావు. రెండు రోజులు అక్కడే ఆగిపోయావు. అప్పుడేనా?"

"అప్పుడే." ప్రదీప్ తల వంచుకున్నాడు. "కానీ శ్రీకాకుళం కాదక్కా. పాతపట్నం దాటి, ఒరిస్సా వైపు కొండ రోడ్డు మీద తగిలింది. బండ ఉంది రోడ్డు మధ్యలో."

"పాతపట్నంలో నీకేం పని? పైగా బండ కనపడనంత స్పీడుగా ఎందుకు నడిపావు?"

ప్రదీప్ తలెత్తాడు. తిరుమలరావునీ, సుహాసినినీ చూసి, వాళ్ల ముందు చెప్పాలా వద్దా అన్నట్టు తటపటాయించాడు. ఆ కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి వాళ్ల నాన్న జగన్నాధం గారు దాని వైపు కన్నెత్తి చూడలేదు. కూతురు పోటీకి పేరిచ్చిందని తెలిసి ఆమెతో మాట్లాడ్డం కూడా మానేశారు. ఆయనకి సైకిలు తప్ప ఏమీ తొక్కడం రాదని ఊరంతా అనుకుంటుంది.

"నేను నడపలేదక్కా," అన్నాడు ప్రదీప్. "నేను పక్క సీట్లో ఉన్నాను. బండి నడిపింది నాన్న."